సోంపేట బీల: నీటిని కాపాడుకున్న రోజులు

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరి కొండలకూ బంగాళాఖాతానికీ మధ్య, సోంపేట, కవిటి, కంచిలి మండలాల ఊళ్ల నడుమ పల్లంగా పరుచుకుని ఉన్న చిత్తడి నేలను మా వైపు వాళ్లందరూ బీల అంటారు. పెద్ద బీల, చిన్న బీల అని రెండుగా చెప్పుకునే ఆ పల్లంలోకి వానలు పడగానే కొండల మీది నుంచి దిగే గెడ్డల నీరంతా వచ్చి చేరుతుంది. అలా చేరిన నీరు కొంత నేలలోకి ఇంకి ఉద్దానం తోటల బావులకు ఊట అవుతుంది, కొంత పొలాలకు పారుతుంది, మిగిలినది నెమ్మదిగా సముద్రంలో కలుస్తుంది. సముద్రం అంత దగ్గరలో ఉన్నా ఆ నీరు తియ్యగా ఉంటుంది. ఉప్పుగాలి వీచే ఇసుక నేలలో కొద్ది లోతు తవ్వగానే మంచినీళ్లు పడుతున్నాయంటే అది బీల చలవేనని మా పెద్దలకు ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. వేసవిలో బీల ఎంత మేర ఎండితే తమ బావిలో నీరు ఎంత కిందికి దిగుతుందో వాళ్లకు తరతరాలుగా తెలుసు.

నా చిన్నతనంలో మా ఇంటి పనులన్నీ ఏదో ఒక విధంగా బీలతో ముడిపడి ఉండేవి. ఎత్తిపోతల మోటార్లు మా పొలం వరకూ రాని రోజుల్లో మా నాన్నా పెదనాన్నా కలిసి గూడ వేసేవారు. ఇప్పటి పిల్లలు గూడను చూసి ఉండరు కనుక కాస్త వివరంగా చెబుతాను. రేకుతోనో తాటాకుతోనో చేసిన ఆ గూడకు రెండు వైపులా రెండేసి తాళ్లు ఉంటాయి. నీటి గుంటకు ఇటొకరు, అటొకరు ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగి గూడను నీటిలో ముంచాలి, ఒకేసారి వెనక్కు వాలి దానిని పైకి లేపాలి, అది గట్టు మీదికి రాగానే కింది తాళ్లను చిన్నగా విదిల్చి నీటిని బోదెలోకి వంచాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు తొందరపడినా నీరు సగం దారిలోనే ఒలికిపోతుంది. పెదనాన్న ఒక్కొక్క గూడనూ పాటలాగా లెక్కపెడుతూ ఉంటే, బోదె వెంట పరిగెత్తి నీరు ఏ మడి వరకూ చేరిందో చూసి కేకవేసి చెప్పడం నా పని. తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కి మా అమ్మ చోడి అంబలి తెచ్చేదాకా ఆ తాళ్ల కిర్రు ఆగేది కాదు. తరువాతి కాలంలో ప్రభుత్వమే బీల మీద ఎత్తిపోతల పథకాలు కట్టించి మోటార్లు పెట్టించింది. ఈ సంగతి ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

పొలం ఉన్నవారికి బీల నీరు ఇచ్చేది. పొలం లేనివారికి అంతకంటే ఎక్కువే ఇచ్చేది. కేవుటి కులం వారు తరాలుగా ఆ నీటిలోనే వల వేసి కొరమేనులు, ఇంగిలాయిలు, జెల్లలు పట్టి సోంపేట సంతకు తీసుకువెళ్లేవారు. మా మేనత్తకు సెంటు భూమి లేదు. మామయ్య చిన్న వయసులోనే పోయాడు. దసరా వెళ్లిన తరువాత ఆమె మరికొందరు ఆడవాళ్లతో కలిసి మోకాలి లోతు నీటిలో దిగి తుంగా జమ్మూ కోసి, ఒడ్డున పరచి ఎండబెట్టి, రాత్రిళ్లు దీపం దగ్గర చాపలు అల్లేది. ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు ఆమె ఆ చాపల మీదనే చేసింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె కొంగులో పొన్నగంటి కూర తప్పకుండా ఉండేది. పశువులు వేసవిలో కూడా ఆ పచ్చికలోనే మేసేవి. శీతాకాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షులు మా చాపల పనికీ చేపల పనికీ అడ్డం కాకుండా వాటి మేత అవి మేసి వెళ్లిపోయేవి.

ఇంతమంది వాడుకునే ఆ నీటి కోసం గొడవలు రాలేదని అనను, వచ్చేవి. నాట్ల కాలంలో పై ఊరివారు గండి కట్టేస్తే కింది ఊరివారు గునపాలు పట్టుకుని వచ్చిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. అయినా ఆ తగవులు ఊరి పెద్దల ఎదుటే తెగిపోయేవి. ఎవరు ఎటువైపు జమ్ము కోయాలి, ఏ మూలలో వల వేయరాదు, నీరు తగ్గినప్పుడు ముందుగా ఎవరి మడికి వదలాలి అనే విషయాలలో కాగితం మీద లేని కట్టుబాట్లు మా ఊళ్లలో ఉండేవి. ఆ కట్టుబాట్లను చూస్తూ పెరిగిన నాకు బీలకు ఒక యజమాని ఉండవచ్చుననే ఆలోచన ఎన్నడూ రాలేదు.

2008 సెప్టెంబరు 15న ప్రభుత్వం 1107 నంబరు జీవో ఇచ్చి బీల ప్రాంతంలోని 972.69 ఎకరాలను థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టడానికి ఒక ప్రైవేటు కంపెనీకి కేటాయించింది. దానికి తోడు చుట్టుపక్కల పట్టా భూములు కూడా కావాలన్నారు. అక్కడ బొగ్గుతో నడిచే 2,640 మెగావాట్ల కేంద్రం వస్తుందని, ఉద్యోగాలు వస్తాయని, రోడ్లు వస్తాయని చెప్పుకున్నారు. మొదట్లో ఆ మాటలకు ఆశపడిన కుటుంబాలు మా ఊరిలోనూ ఉన్నాయి. వాళ్లను నేను తప్పుపట్టను. జీడితోటలో పని దొరకని నెలల్లో సూరత్‌కో హైదరాబాద్‌కో వలస వెళ్లే కొడుకు ఇంటి దగ్గరే ఉండే అవకాశం వస్తుందంటే ఏ తల్లికి ఆశ కలగదు?

ఆ జీవోకు ఆధారమైన కాగితాలలో మా బీల సాగుకు పనికిరాని నేలగా, ఎవరూ వాడని నేలగా కనిపించింది. అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి ఊరిలోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉన్నాను. ఇంగ్లీషు చదవగలనన్న కారణంతో పెద్దలు నాకు ఆ కాగితాల నకళ్లు ఇచ్చి రామమందిరం అరుగు మీద చదివి చెప్పమన్నారు. ట్యూబులైటు కింద నేను ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెబుతూ ఉంటే, నా చుట్టూ కూర్చున్నవారు మొదట నవ్వారు, కొంతసేపటికి ఎవరూ మాట్లాడలేదు. చివరకు పెదనాన్న లేచి, "నీరు నేదని రాసినారా? నేదంటే మరి మనం ఇన్నాళ్లూ గూడేసింది ఎక్కడ? ఆ మోటార్లు ఎట్టింది గవర్మెంటే కదా, దానికి కరెంటు బిల్లు ఎందుకు కట్టించుకుంటన్నాది?" అని అడిగారు. ఆ ప్రశ్నలోనే మేము తరువాత చేయవలసిన పని అంతా ఉంది. మర్నాటి నుంచే ఎత్తిపోతల పథకాల బిల్లులు, నీటి తీరువా రసీదులు, పాత ఫోటోలు, ఏ ఇంటివారు బీల మీద ఏ విధంగా బతుకుతున్నారో తెలిపే జాబితాలు పోగుచేయడం మొదలుపెట్టాము.

ఆ జాబితా రాయడానికి వెళ్లినప్పుడే మా మేనత్త చెప్పిన మాట నా ఆలోచనను మార్చింది. ఆమె చాప అల్లుతూ తల ఎత్తకుండానే, "పట్టా ఉన్నోలికి డబ్బులిచ్చి పంపేస్తారు బావు. పట్టా నేనోలం, మమ్మల్ని ఏటని లెక్కేస్తారు?" అంది. అంతవరకూ మేము సాగుభూమి గురించీ ఎకరాకు వచ్చే పరిహారం గురించీ మాట్లాడుకుంటున్నాము. నీటి మీద బతికేవారికి పరిహారం లెక్కగట్టే పద్ధతే లేదని, కంపెనీ కంచె వేసిన రోజునే కేవుటి వారి వలా, మేనత్త కొడవలీ పనికిరాకుండా పోతాయని ఆ రోజు స్పష్టంగా అర్థమైంది. పరిహారం ఎంత పెంచుతారన్న చర్చను మా ఊరి సమావేశాలలో ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

మరొక భయం కూడా ఉండేది. దానిని రైతులు ఎంత సులువుగా వివరించేవారో గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. పల్లంలో విద్యుత్ కేంద్రం కట్టాలంటే ముందు ఆ పల్లాన్ని మట్టితో పూడ్చి ఎత్తు చేయాలి. ఎత్తు చేస్తే కొండ నుంచి వచ్చే గెడ్డల నీరు ఆగడానికి చోటు లేక వానాకాలంలో ఊళ్ల మీద పడుతుంది, వేసవికి నిలవ నీరు లేక బావులు ఎండుతాయి, మంచినీటి ఒత్తిడి తగ్గిన చోటికి సముద్రపు ఉప్పునీరు నేల లోపలి నుంచి పాకుతూ వస్తుంది. ఇక మన దేశపు బొగ్గును కాలిస్తే మూడో వంతుకు అటూ ఇటూగా బూడిదే మిగులుతుంది. ఆ బూడిద చెరువులు ఎక్కడ కడతారని, గాలికి లేచిన బూడిద కొబ్బరి మొవ్వుల్లో, జీడిపూతలో పడితే కాపు ఏమవుతుందని తోటల వాళ్లు అడిగేవారు. పైగా మా ఉద్దానం ప్రాంతం అప్పటికే కిడ్నీ జబ్బుతో కుమిలిపోతున్నది. ప్రతి ఊరిలో, కొన్ని చోట్ల ప్రతి వీధిలో, పొలం పని చేసుకునే నడివయసు మనుషులు ఆ జబ్బుతో మంచాన పడుతున్నారు. కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేకపోయారు. కారణం తెలియని జబ్బు ఊరిలో ఉండగా ఉన్న మంచినీటిని పూడ్చడానికి ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

సోంపేటలో వైద్యం చేసే డాక్టర్ వై. కృష్ణమూర్తి గారి నాయకత్వంలో పర్యావరణ పరిరక్షణ సంఘం ఏర్పడింది. రోజూ రోగుల నాడి చూసే మనిషి ఊరూరా తిరిగి నీటి గురించి మాట్లాడుతూ ఉంటే జనం నమ్మకంగా వినేవారు. కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు విశాఖపట్నం నుంచి ప్రభుత్వాలకు వరుసగా లేఖలు రాసి, చిత్తడి నేలలో ఈ కేంద్రం కట్టడం ఎందుకు కూడదో వాళ్లకు తెలిసిన భాషలోనే చెప్పారు. మానవ హక్కుల వేదిక వారు వచ్చి ఊళ్లు తిరిగి చూశారు. బయటివారి అండ మాకు చాలా అవసరమైంది, ఆ ఋణం చిన్నది కాదు. అయితే పోరాటం ఏళ్ల తరబడి నిలిచింది ఊళ్లలో ఏర్పడిన కమిటీల బలం మీదనే అని దగ్గర నుంచి చూసినవాడిగా చెప్పగలను.

ఆ కమిటీలు ఏర్పడడం ఏమంత తేలిక కాలేదు. రైతు కులాలవారూ, కేవుటి వారూ, సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారులూ, దళిత వాడలవారూ, తెలుగు మాట్లాడే ఇళ్లూ, ఒడియా మాట్లాడే ఇళ్లూ ఒకే చాప మీద కూర్చోవడం మా వైపు అంతకుముందు పెళ్లిళ్లలో కూడా చూసి ఎరుగము. మొదటి సమావేశాలలో ఎవరి గుంపు వారిదిగా ఉండేది. మెల్లగా ఒక ఏర్పాటు కుదిరింది. వారానికి ఒకసారి ప్రతి ఇంటి నుంచీ పిడికెడు బియ్యం, ఇష్టమైనవారు ఒక కొబ్బరికాయో కొంత చిల్లరో ఇచ్చేవారు. వాటిని వసూలు చేసే బాధ్యతను ఆడవాళ్లు తీసుకున్నారు. ఎవరు ఇచ్చారు, ఎంత ఇచ్చారు అనే లెక్కను రాసిన నోటుపుస్తకాన్ని శనివారం సాయంత్రం అందరి ఎదుటా చదివేవారు. ఆ చదవడంలో ఏ పేరూ తప్పిపోకూడదని మా మేనత్త పట్టుబట్టేది. చదువు రాని ఆమెకు ఆ పుస్తకంలో తన పేరు ఏ పేజీలో ఎక్కడ ఉందో వేలుపెట్టి చూపగలిగేంతగా అది అలవాటైంది.

మా ప్రాంతానికి ఇటువంటివి కొత్త కావని తాత చెబుతూ ఉండేవారు. రైతు నాయకుడు గౌతు లచ్చన్న గారు పుట్టింది సోంపేట దగ్గరి బారువలో. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. అదే ఏడాది మందస జమీందారీలో అడవి కలప మీద హక్కు కోసం తిరగబడిన రైతుల మీద గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగి వీరగున్నమ్మ ప్రాణాలు వదిలింది. ఆమె కథను మా వైపు ఆడవాళ్లు చెప్పుకునేటప్పుడు ఎక్కడో దూరంగా జరిగిన దానిలా చెప్పరు, తమ ఇంటి ముత్తవ్వ సంగతి చెప్పినట్టే చెబుతారు. తరువాత సోంపేటలో వేసిన మా దీక్షా శిబిరంలో ఆమె పేరు వినని రోజు ఉండేది కాదు.

2009 ఆగస్టు 18న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మా ఊరి నుంచి ట్రాక్టర్ల మీద, సైకిళ్ల మీద, కాలినడకన బయలుదేరి వెళ్లాము. మైకు ముందు మాట్లాడడం ఎన్నడూ అలవాటు లేని మనుషులు ఆ రోజు తమ వంతు కోసం గంటల తరబడి నిలుచున్నారు. ఒక కేవుటి పెద్దాయన తెచ్చిన బుట్టలో తడి గుడ్డ కింద బతికి ఉన్న చేపలు ఉన్నాయి. నీరు లేని నేలలో ఇవి ఎలా పుట్టాయో చెప్పమని ఆయన అడిగినప్పుడు మా వరుసలో ఉన్నవాళ్లం చప్పట్లు కొట్టాము. నాకు వినబడిన గొంతులన్నీ వద్దనే అన్నాయి. అయినా అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీలో ఆ కేంద్రానికి పర్యావరణ అనుమతి వచ్చింది.

ఆ శీతాకాలంలోనే సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రోజుకొక ఊరు చొప్పున వంతు వేసుకున్నారు. ఊడ్పుల కాలంలో కూడా వంతు తప్పకుండా ఉండడానికి, శిబిరానికి వెళ్లినవారి మడిని ఇరుగుపొరుగువారు ఊడ్చిపెట్టేవారు. దీక్షలో కూర్చున్నవారి పేర్లు రాసే పుస్తకం వేరుగా ఉండేది. తుఫాను గాలికి పందిరి ఎగిరిపోయిన రోజున ఒక ఆమె ఆ పుస్తకాన్ని చీర మడతలో దాచుకుని తడవకుండా తెచ్చిన దృశ్యం నా కళ్ల ఎదుట జరిగింది. ఏళ్ల తరబడి సాగిన ఆ దీక్షలను గురించి పత్రికలలో ఒక్కొక్కసారి రెండు వరుసల వార్త వచ్చేది, చాలాసార్లు అదీ వచ్చేది కాదు.

2010 జులై 14 గురించి రాయడం నాకు కష్టం, అయినా రాయకుండా ఈ జ్ఞాపకాలు ముగించలేను. బీలలో పని మొదలుపెట్టడానికి పోలీసు బలగాల రక్షణతో కంపెనీ మనుషులు వస్తున్నారన్న మాట ముందురోజే ఊళ్లకు అందింది. తెల్లవారేసరికి వేలమంది గట్ల మీద ఉన్నారు. ఆడవాళ్లు ముందు వరుసలో నిలబడ్డారు. మగవాళ్లను ముందు పెడితే కొడతారని, తమను చూసి కాస్త వెనకాడతారని వాళ్లు నమ్మారు. మా పెదనాన్న నడవలేని స్థితిలో కూడా కర్ర పట్టుకుని వెళ్లారు. నన్ను సోంపేటలోని శిబిరంలో ఉండమన్నారు కనుక ఆ ఉదయం జరిగినది నేను కళ్లారా చూడలేదు. బాష్పవాయువు పొగ, ఆ తరువాత తుపాకుల శబ్దం గురించి అక్కడి నుంచి పరిగెత్తుకుని వచ్చినవారు చెప్పగా విన్నాను. కాల్పులలో మా రైతులు ప్రాణాలు కోల్పోయారు. ఎంతోమంది గాయపడ్డారు. మేనత్తను మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో చూశాను. చేతికి లాఠీ దెబ్బ తగిలి వాచిపోయింది, చీరంతా బీల బురద. తన చెయ్యి చూపించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు, లోపల ఉన్నవారి సంగతి ముందు చూడమని వచ్చిన ప్రతి నర్సుకూ చెబుతూ కూర్చుంది.

అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ వార్త మా వరకూ వచ్చేసరికి ఊళ్లలో ఏడుపులు వినబడుతున్నాయి. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ మనుషులు బతికి ఉండేవారు కదా అని ఆ సాయంత్రం అందరూ అదే మాట అన్నారు, ఇన్నేళ్ల తరువాత కూడా జులై నెల వచ్చిందంటే ఆ మాటే అంటారు. నాకు దానికి సమాధానం చెప్పగల మనిషి ఇంతవరకూ కనబడలేదు.

ఆ తరువాతి కాలం కేసుల కాలం. పొలం, ఇల్లు తప్ప మరొకటి ఎరుగని రైతుల మీద, ఆడవాళ్ల మీద పెట్టిన కేసుల వాయిదాలకు తిరగడంలో ఎన్ని పనిదినాలు పోయాయో లెక్కలేదు. 2011 ఫిబ్రవరి 28న మా జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, తంపర అనే చిత్తడి భూములలో కడుతున్న మరొక థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన వారి మీద కూడా కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. మా ఊరి నుంచి ఆడవాళ్లు అక్కడికి వెళ్లి, తమకు ఒక్క మాట కూడా పరిచయం లేని ఇళ్లలో కూర్చుని ఏడ్చి వచ్చారు. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊళ్లకు తిరిగి అప్పగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. పంజాబులోని ఒక చెరువు గురించిన ఆ తీర్పును నేను తెలుగులో చెప్పి వినిపించినప్పుడు మా శిబిరంలో ఉన్న ముసలివాళ్లు ఆ చెరువు ఎంత పెద్దదో, ఆ ఊరివాళ్లు దానిని దేనికి వాడుకునేవారో అడిగారు.

బీలలో థర్మల్ కేంద్రం రాలేదు. అయితే భూమి సంగతి అంతటితో తేలిపోలేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆ జీవో రద్దు గురించిన హామీలు విన్నాము. 2015లో అదే భూమిని ఇతర పరిశ్రమలకు వాడుకోవచ్చునంటూ మళ్లీ ఉత్తర్వు వచ్చినప్పుడు, అప్పటికి మనవలను ఎత్తుకుంటున్న ఆడవాళ్లే మళ్లీ రోడ్డు మీదికి వచ్చారు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫానులు ఉద్దానం కొబ్బరితోటలను కూల్చివేసినప్పుడు ఏ దిక్కూ లేని కుటుంబాలు కొన్ని నెలలపాటు మళ్లీ బీల చేపల మీద, తుంగ మీద ఆధారపడ్డాయి. కిడ్నీ జబ్బు భయంతో ఇప్పుడు ఉద్దానం ఊళ్లకు ఎక్కడో ఉన్న హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపులలో తెచ్చి ఇస్తున్నారు. ఆ పథకం రావడం మంచిదే, వందల కోట్ల ఖర్చు పెట్టడమూ సబబే. కానీ మంచినీటిని అంత దూరం నుంచి మోసుకురావలసిన ప్రాంతంలో, సొంతంగా ఉన్న మంచినీటి పల్లాన్ని ఒకప్పుడు కాగితం మీద పనికిరాని నేలగా తేల్చి ఇచ్చేశారన్న సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ కోపం వయసుతో తగ్గుతుందని అనుకున్నాను, తగ్గలేదు.

పెదనాన్న పోయారు. మా మేనత్త ఉంది గానీ నీటిలో దిగడం మానేసి, జమ్ము ఎవరైనా తెచ్చి ఇస్తే అరుగు మీద కూర్చుని అల్లుతుంది. ప్రతి ఏడాదీ జులై 14న అమరులకు నివాళులు అర్పించే చోటికి ఊళ్ల నుంచి జనం వస్తారు. ఆ రోజుల్లో తల్లుల చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు కాలేజీలలో చదువుతున్నారు. బీలను చిత్తడి నేలగా ప్రభుత్వ రికార్డులలో శాశ్వతంగా నమోదు చేయించాలని వాళ్లలో కొందరు పట్టుదలగా ఉన్నారు. అందుకు ఎవరు ఎప్పటి నుంచి ఆ నీటిని ఎలా వాడుకుంటున్నారో చూపే రుజువులు మళ్లీ కావాలి. మేము పోగుచేసిన కాగితాలలో కొన్ని కోర్టు దస్త్రాలలో ఉండిపోయాయి, కొన్ని తుఫానులలో తడిసి పోయాయి. పిడికెడు బియ్యం లెక్క పుస్తకాలలో రెండు మా ఇంట్లో ఉన్నాయి. దీక్షా శిబిరం పేర్ల పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో తెలుసుకునే పనిలో ఉన్నాను.

బీల చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి ఇప్పుడు విశాఖలోనో, హైదరాబాదులోనో, మరెక్కడో స్థిరపడినవారు ఎవరైనా దీనిని చదువుతున్నట్లయితే ఒక్క విన్నపం. ఊరికి వెళ్లినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె తెరిచి చూడండి. పాత నీటి తీరువా రసీదులు, ఎత్తిపోతల మోటారు బిల్లులు, 2009 నాటి కరపత్రాలు, శిబిరంలో తీసిన ఫోటోలు ఏవైనా దొరికితే వాటిని పారవేయకుండా నకలు తీయించి ఊరి కమిటీ వారికి ఇవ్వండి. ఫోటో వెనుక అందులో ఉన్నవారి పేర్లు, ఊరి పేరు, ఏ ఏడాదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాయించండి.